పలకని గిటార్‌ను పారేయనివ్వకండి

పిల్లలు తమ చేతులతో చేసిన మొదటి గిటార్ మొదటి రోజే సరిగ్గా పలకదు. ఒక తీగ జిరజిరలాడుతుంది. ఇంకో తీగ శ్రుతిలో నిలవదు. పై స్వరాలకు పోయేకొద్దీ పాట పక్కదారి పడుతుంది. ఒక సిగార్ పెట్టె, ఒక కర్ర, మూడు తీగలు తప్ప మరేమీ లేని వాయిద్యానికి ఇది సహజమే. ఆ రోజు ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తారన్నదే అసలు సంగతి. సాధారణంగా జరిగేవి రెండే. నాన్న ముందుకొచ్చి తానే బాగుచేసి చేతికిస్తాడు. లేదా అమ్మ ‘పోనీలే కన్నా, మంచిది కొనిస్తాంలే’ అంటుంది. రెండూ ప్రేమతో చేసే పనులే. కానీ ఆ బిడ్డకు అందబోతున్న చదువు రెండింటివల్లా అందకుండా పోతుంది. వాయిద్యం తయారీలో సగం పని జిగురు ఆరిన తర్వాతే మొదలవుతుందని నా నమ్మకం. ఆ సగాన్ని పిల్లలకే వదలాలి. దానికి వేళ కేటాయించాలి. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

నేను టెక్సస్‌లో డాలస్ శివారున ఉంటాను. వృత్తి మెకానికల్ ఇంజినీరింగ్. చిన్నప్పుడు విజయవాడలో వీణ నేర్చుకున్నాను. శనివారాలు మా గరాజ్ తలుపు ఎత్తిపెడితే చుట్టుపక్కల పిల్లలు వస్తారు. తెలుగిళ్ల పిల్లలే ఎక్కువ. సిగార్లు అమ్మే దుకాణాల్లో ఖాళీ చెక్కపెట్టెలు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. మెడకు కావాల్సిన పాప్లర్ కర్ర హార్డ్‌వేర్ దుకాణంలో ఉంటుంది. ‘వన్ బై టూ’ అని అమ్మే ఆ కర్ర నిజానికి ముప్పావు అంగుళం మందం, అంగుళన్నర వెడల్పు ఉంటుంది. ఈ తేడా తెలియక లెక్క వేసుకున్న పిల్లలకు పెట్టెలో కోసిన కంత కర్రకంటే పెద్దదవుతుంది. కొలత కాగితం మీద కాదు, చేతిలో ఉన్న వస్తువు మీద తీసుకోవాలన్న మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది. కంత చుట్టూ మిగిలిన సందులో పల్చటి చెక్కపీలిక జిగురుతో దూర్చి, ఆరాక ఆకురాయితో సాపు చేస్తే దిద్దుబాటు కూడా అయిపోతుంది.

ఈ వాయిద్యం ఈ దేశపు పేదల ఇళ్లలో పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేసరికి ఇక్కడ సిగార్లు చిన్న చెక్కపెట్టెల్లో అమ్మడం అలవాటైంది. అంతర్యుద్ధ కాలంలో వచ్చిన పన్నుల దరిమిలా, ఒకసారి స్టాంపు అంటించిన పెట్టెలో మళ్లీ సిగార్లు నింపి అమ్మడాన్ని చట్టం నిషేధించింది. దాంతో బాగా ఎండిన పల్చటి పెట్టెలు ఊరూరా ఖాళీగా మిగిలాయి. యుద్ధంలో సైన్యం వెంట తిరిగి బొమ్మలు గీసిన ఎడ్విన్ ఫోర్బ్స్ 1876లో ప్రచురించిన చిత్రాల్లో ఒక సైనికుడు విడిదిలో కూర్చుని సిగార్ పెట్టె ఫిడేలు వాయిస్తుంటాడు. 1880ల్లో డేనియల్ కార్టర్ బియర్డ్ సిగార్ పెట్టెతో బాంజో చేసుకునే పద్ధతిని పిల్లల కోసం రాశాడు. అమెరికన్ బాయ్ స్కౌట్స్ ఉద్యమాన్ని స్థాపించినవారిలో ఈయన ఒకడు. డాలస్‌కూ హ్యూస్టన్‌కూ మధ్య ఉన్న సెంటర్‌విల్‌లో పుట్టిన బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ మొదటి వాయిద్యం సిగార్ పెట్టెతో చేసుకున్నదేనని చెబుతారు. రాక్ అండ్ రోల్ తొలితరం గాయకుడు కార్ల్ పెర్కిన్స్ మొదటి గిటార్ కూడా సిగార్ పెట్టెతో చేసినదేనంటారు. 2012 డిసెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వేదిక మీద పాల్ మెకార్ట్నీ వాయించినదీ సిగార్ పెట్టె గిటారే.

నేను పిల్లలకు ఎక్కువగా చెప్పేది చార్లీ క్రిస్టియన్ గురించి. 1916లో మాకు కారులో గంట పైచిలుకు దూరంలోని బానమ్‌లో పుట్టి ఓక్లహోమా సిటీలో పెరిగాడు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. 1942లో, ఇరవై అయిదేళ్లకే కన్నుమూసేలోగా, జాజ్‌లో వెనకవరుసలో తాళం పట్టుకునే గిటార్‌ను ముందువరుసకు తెచ్చాడు. అదే ఊళ్లో పెరిగిన నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ అతని గురించి రాస్తూ, అతని తొలి గిటార్ సిగార్ పెట్టెతో స్వయంగా చేసుకున్నదనీ, బడిలో తోటిపిల్లలు దాన్ని చూసి అబ్బురపడేవారనీ గుర్తుచేసుకున్నాడు. డబ్బులేనివాళ్లకు ఇంకోటి కొనుక్కునే దారి లేదు. పలకకపోతే పలికేదాకా సరిచేసుకోవాల్సిందే. మన పిల్లలకు కొనుక్కునే దారి ఉంది కాబట్టే, సరిచేసుకునే అవకాశాన్ని మనం పనిగట్టుకుని ఇవ్వాలి.

ఇక తప్పుల దగ్గరికి వస్తాను. ఏ తప్పు వల్ల ఏం వినిపిస్తుందో, దాన్ని ఎలా దిద్దవచ్చో చూస్తేనే నా వాదనలో బలం ఎంతో తేలుతుంది.

అన్నిటికంటే ఖరీదైన తప్పు వరసది. పిల్లలు కర్రను అందంగా కోసి, బిరడాలు బిగించి, పెట్టెకు జతచేసి, ఆ తర్వాత పెట్టె మీద తీగలను మోసే బ్రిడ్జి ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. అది పెట్టె కిందంచు మీదకు వస్తుంది. అక్కడ పైపలకకు కదలిక ఉండదు. పలక కదలకపోతే తీగ ఎంత మీటినా గిటార్ మోగదు. అందుకే ముందు తేల్చుకోవాల్సింది తీగ మోగే పొడవు. మెడ పైన తీగలు ఆనే పట్టీని గిటార్‌వాళ్లు నట్ అంటారు. అక్కడినుంచి బ్రిడ్జి దాకా ఉండేదే ఆ పొడవు. మేం 25 అంగుళాలు, అంటే 635 మిల్లీమీటర్లు తీసుకుంటాం. పెట్టె మీద బ్రిడ్జికి చోటు గుర్తుపెట్టి, అక్కడినుంచి పైకి కొలిచి నట్ చోటు నిర్ణయించాలి. అప్పటికే అంతా కోసేసి ఉంటే ఏం చేయాలి? మెడ మీద వచ్చే మెట్లకు (ఫ్రెట్లకు) గాట్లు పడనంతవరకు మునిగిపోయింది ఏమీ లేదు. నట్‌ను ఉన్నచోటే ఉంచి పొడవును 23 అంగుళాలకు తగ్గిస్తే బ్రిడ్జి రెండు అంగుళాలు లోపలికి జరుగుతుంది. గిటార్ మోగుతుంది. కాకపోతే మెట్ల లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి. ఆ లెక్క మళ్లీ వేసిన పిల్లలకు అది జీవితంలో మరిచిపోయే లెక్క కాదు.

మెట్ల లెక్క ఇలా ఉంటుంది. మోగే పొడవును 17.817తో భాగిస్తే నట్ నుంచి మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య దూరం. అలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా సగానికి చేరతాం, అక్కడ పై షడ్జమం. 635 మిల్లీమీటర్ల తీగకు మొదటి మెట్టు 35.6 దగ్గర, రెండోది 69.3, అయిదోది 159.3, ఏడోది 211.2, పన్నెండోది 317.5 దగ్గర వస్తాయి. పూర్వం గిటార్లు చేసేవాళ్లు సులువు కోసం 18తో భాగించేవారు. ఆ లెక్కతో పన్నెండో మెట్టు 315.2 దగ్గర ఆగిపోతుంది. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా కంటికి ఆనకపోవచ్చు, సంగీతం నేర్చుకున్న చెవి మాత్రం పట్టేస్తుంది.

రెండోది గీతల తప్పు. లెక్క సరిగా వేసినా గీతలు తప్పేది ఎక్కడంటే, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు స్కేలు జరుపుతూ గుర్తులు పెట్టడంలో. పెన్సిలు మందం, స్కేలు జారడం కలిసి ఒక్కోసారి అర మిల్లీమీటరు పోయినా, అన్నీ ఒకే వైపు పోతే పన్నెండో మెట్టుకు ఆరు మిల్లీమీటర్లవుతుంది. అందుకే దూరాలన్నీ నట్ నుంచే కొలవాలి, స్కేలును కదపకూడదు. గాటు తప్పుచోట పడిపోయిందా? అదే కర్ర రంపపుపొట్టును జిగురుతో కలిపి గాటులో కూరి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో సాపు చేసి, సరైనచోట కొత్త గాటు కోయాలి. పాత గాటు మచ్చ కనిపిస్తుంది. కనిపించనివ్వండి. దాన్ని రంగు వేసి దాచమని చెప్పే తల్లిదండ్రులతో నేను ఏకీభవించను. ఆ మచ్చ ఎందుకుందో చెప్పగలిగిన పిల్లకు ఆ వాయిద్యం ఎలా పనిచేస్తుందో తెలుసు.

మూడోది బ్రిడ్జికి జిగురు పెట్టేయడం. ఈ గిటార్‌లో బ్రిడ్జిని తీగల ఒత్తిడే పట్టి ఉంచుతుంది, అది జరిగేలా ఉండాలి. తీగను మెట్టు మీద నొక్కినప్పుడు అది కొద్దిగా సాగి స్వరం పెరుగుతుంది. ఆ పెరుగుదలను సరిపెట్టడానికి బ్రిడ్జి లెక్కలో వచ్చిన చోటుకంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి ఉండాలి. లావు తీగ వైపు ఇంకాస్త వెనక్కి. ఎంత వెనక్కి అన్నది పుస్తకం చెప్పదు, చెవి చెబుతుంది. మా దగ్గరికి వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. గిటార్ తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

“ఆంటీ, ఇది పాడైపోయింది. ఇంకో పెట్టె ఇస్తారా?”

“ఎక్కడ పాడైందో వినిపించమ్మా.”

ఖాళీ తీగ మీటింది. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటింది. “పై సా ఎక్కువ పలుకుతోంది.”

“స్వరం ఎక్కువ పలికిందంటే తీగ పొడవు ఏమై ఉండాలి?”

కాసేపు ఆలోచించి “తక్కువై ఉండాలి” అంది. నేను ఇంకేమీ చెప్పలేదు. బ్రిడ్జిని వెనక్కి నెట్టి, తీగను మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ విని, కొంచెం ముందుకు జరిపి, చివరికి కుదిరాక పెన్సిలుతో గీత పెట్టుకుంది. తీగ సరిగ్గా సగం దగ్గర వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే పై స్వరాన్నీ, అదే చోట నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చి చూసుకునే పద్ధతి తర్వాత చూపించాను. బడిలో తీగల కంపనాల సూత్రం ఆ పిల్ల ఇంకా చదవలేదు. చదివే రోజున అది కొత్త విషయమేమీ కాదు.

నాలుగోది జిర. కర్ణాటక సంగీతం వినే ఇళ్లలో తంబురాకు దారం పెట్టి రప్పించే జీవా పిల్లలకు తెలుసు. ఇది అది కాదు, స్వరాన్ని మింగేసే గరగర. దీని దగ్గర తొందర పనికిరాదు, ఎక్కడ పుడుతోందో కనిపెట్టాలి. ఖాళీ తీగలోనే జిర ఉండి, నొక్కితే పోతోందంటే నట్ గాడి మరీ లోతుగా పడి తీగ మొదటి మెట్టుకు తగులుతోంది. ఆ గాడిలో చిటికెడు వంటసోడా నింపి ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ ఆకురాయితో తగినంత లోతు చేసుకోవచ్చు. ఆ జిగురు వేసే క్షణంలో వేడి, ఘాటు పొగ వస్తాయి కాబట్టి ఆ ఒక్క చుక్కా పెద్దవాళ్లే వేయాలి. ఒక్క మెట్టు దగ్గరే జిర ఉందంటే బ్రిడ్జి వైపున దాని తర్వాతి మెట్టు ఎత్తుగా ఉంది. మూడు మెట్ల మీద ఆనేలా చిన్న ఉక్కుస్కేలు నిలబెట్టి ఊపితే, ఎత్తుగా ఉన్న మెట్టు మీద స్కేలు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని చిన్న సుత్తితో దిగగొట్టాలి, దిగకపోతే ఆకురాయితో అరగదీయాలి. మెడ అంతటా జిర ఉంటే బ్రిడ్జి తక్కువ ఎత్తులో ఉంది. కింద ఒక పల్చటి చెక్కముక్క పెడితే సరి.

ఏ స్వరం దగ్గరా కాకుండా, వాయిస్తున్నంతసేపూ ఎక్కడో ఏదో గలగలమంటుంటే తీగలను వదిలి పెట్టెను చూడాలి. మూత గొళ్లెం, బందులు, లోపల ఊడిన కాగితం సాధారణంగా దొరికే దొంగలు. ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో ఒక్కొక్కటీ నొక్కి పట్టుకుంటే ఏది నొక్కినప్పుడు చప్పుడు ఆగిందో అదే కారణం. గొళ్లెం కింద చిన్న బట్టముక్క పెడితే చాలు.

అయిదోది మూగతనం. తీగలు శ్రుతిలో ఉంటాయి, జిర ఉండదు, కానీ పక్కగదిలోకి కూడా వినపడదు. మెడకర్ర పెట్టె లోపలినుంచి చివరిదాకా వెళ్తుంది. ఆ కర్ర మూతకు అంటుకుని ఉంటే మూత కదలలేదు. తీగలు విప్పి, మూత తెరిచి, బ్రిడ్జి కింద వచ్చే భాగంలో కర్రను ఉలితో మూడు మిల్లీమీటర్ల లోతు చెక్కేస్తే మూతకు ఊపిరి ఆడుతుంది. తీగలు మళ్లీ ఎక్కించి మీటినప్పుడు వచ్చే తేడా ఏ పిల్లవాడికీ ఎవరూ వివరించాల్సిన పని లేదు. మరీ పల్చటి మూత బ్రిడ్జి కింద కుంగుతుంటే లోపల సన్నని పుల్ల అడ్డంగా అంటించాలి. మరీ లావుదైతే మళ్లీ నోరు పడిపోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది అంటించి, విని, మార్చి తెలుసుకోవాల్సిందే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తల భాగం మెడతో సమానంగా ఉంటే తీగలు నట్ మీద బలంగా ఆనవు, గాడిలోంచి జారతాయి. నట్‌కూ బిరడాలకూ మధ్య అడ్డంగా ఒక చిన్న కమ్మీ బిగించి తీగలను కిందికి నొక్కి ఉంచితే తీరిపోతుంది. మూడు తీగలూ కలిసి సుమారు ముప్పై కిలోల బలంతో లాగుతాయి కాబట్టి ముడులున్న మెత్తటి కర్ర వంగుతుంది. కొద్దిగా వంగితే సాపు చేసి, ముఖాన గట్టి కలప పట్టీ అంటించవచ్చు. బాగా మెలితిరిగితే మెడ ఒక్కటి మార్చి పెట్టె, బిరడాలు ఉంచుకోవాలి. కింది చివర తీగలు కర్రను కోసుకుంటూ దిగిపోతుంటే అక్కడ ఒక తలుపుబందు బిగించి తీగలను దాని కన్నాల్లోంచి లాగాలి. తీగలు ఏవి పడితే అవి వేయకూడదు. గిటార్ సెట్‌లోంచి 5, 4, 3 నంబరు తీగలు తీసి జి-డి-జికి శ్రుతి చేస్తారు. మన లెక్కలో అది స-ప-పై స. మన పిల్లలకు ఈ శ్రుతి కుదర్చడం ఇట్టే వస్తుంది, ఎందుకంటే ఆ మూడు స్వరాలు వాళ్లు పుట్టినప్పటినుంచీ వింటున్నవే.

ఇన్ని తప్పుల్లో ఒక్కటైనా పెట్టెను పారేయాల్సినది ఉందా? లేదు. ఒక్కటైనా పన్నెండేళ్ల పిల్లకు అందనిది ఉందా? సూపర్ గ్లూ చుక్క తప్ప లేదు. నేను పట్టుబట్టే నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. బ్రిడ్జి జరిపి, నట్ అరగదీసి, తీగ మార్చి, ఆ తర్వాత విన్నారనుకోండి. బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, చెడినా ఎందుకు చెడిందో తెలియదు. ఏం వినిపించింది, ఏది అనుమానించాను, ఏం మార్చాను, ఏమైంది అని పిల్లలు నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి రాసుకుంటారు. ఉద్యోగంలో యంత్రం మొరాయించినప్పుడు నేను చేసేదీ అదే. తప్పు తనంతట తానే చెవికి వినిపించే ఈ వాయిద్యంలాంటి బోధన సాధనం ఇంకోటి నేను చూడలేదు. కాగితం మీద తప్పును మాస్టారు ఎర్రసిరాతో చూపించాలి. ఇక్కడ తీగ చెబుతుంది, దిద్దితే దిద్దినట్టూ అదే చెబుతుంది.

నా మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. గాట్లు ముందే కోసిన మెడలతో కిట్లు దొరుకుతుంటే ఈ తంటా ఎందుకంటారు కొందరు. చిన్న పిల్లలకు ఆ మెడలు ఇవ్వడం నాకూ సమ్మతమే. కానీ బ్రిడ్జిని, నట్‌ను మాత్రం వాళ్లకే వదలాలి. అన్నీ ముందే కుదిరి వచ్చే కిట్‌లో పిల్లలు చేసేది బిగింపు మాత్రమే. రంపం, ఉలి ప్రమాదం కదా అనే భయం సబబైనదే. అందుకే కళ్లజోడు, బిగించి పట్టే క్లాంపు, పక్కన ఒక పెద్దమనిషి తప్పనిసరి. ఆ పెద్దమనిషి పని కాపలా కాయడం, ఉలి పుచ్చుకోవడం కాదు. చెడ్డ వాయిద్యం పిల్లలకు సంగీతం మీదే విసుగు పుట్టిస్తుందన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఇది నిజమని నేనూ ఒప్పుకుంటాను. శ్రుతి నిలవని గిటార్‌ను నెలల తరబడి పిల్లల చేతిలో ఉంచడం అన్యాయం. అయితే దానర్థం కొత్తది కొనమని కాదు. బాగుచేసే రోజును వాయిదా వేయవద్దని, చేసే రోజుతోపాటే దాన్నీ ముందే నిర్ణయించమని.

ఇది మన సంప్రదాయానికి పరాయి మాట కూడా కాదు. వీణ దండి మీద 24 మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. కాలక్రమంలో మైనం కుదురు తప్పితే మేళం, అంటే ఆ మెట్ల అమరిక, మళ్లీ కట్టించుకోవాలి. ఆ పని తెలిసినవాళ్లు మైనాన్ని వేడిచేసి, ఒక్కొక్క మెట్టునూ వెంట్రుకవాసి జరుపుతూ, మీటి విని నిలబెడతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనూ నూజివీడులోనూ పనసకర్రతో వీణలు చెక్కే చేతులకు ఇది రోజూ ఉండే విద్య. పద్మశ్రీ దర్శనం మొగిలయ్యగారు వాయించే పన్నెండు మెట్ల కిన్నెరలోనూ వెదురు దండి, ఎండిన సొరబుర్రలు, మైనంలో నిలిపిన మెట్లే. మెట్టు జరుగుతుందని, జరిగితే చెవి పెట్టి మళ్లీ నిలపాలని మన వాయిద్యాలు మొదటినుంచీ ఒప్పుకున్నాయి. పిల్లల చేతిపనికి వచ్చేసరికి మనమే ఆ ఓర్పును పక్కనపెడుతున్నాం. మార్కులకోసం ఒక్కరాత్రిలో అట్టముక్కలు అతికించి, ప్రదర్శన అయిపోగానే అటక మీద పడేసే ప్రాజెక్టులకు అలవాటుపడ్డాం.

అందుకే నావి రెండు విన్నపాలు. మొదటిది ఇక్కడి తెలుగు సంఘాలకు. పండుగ సభల్లో పిల్లలు చేసిన వస్తువుల పోటీలు పెడుతున్నారు, సంతోషం. బహుమతిని మాత్రం అందంగా ముగిసిన వస్తువుకు కాకుండా బాగా సరిచేసిన వస్తువుకు ఇవ్వండి. మొదటిరోజు పలికిన తీరు ఫోన్‌లో రికార్డు చేసి తెమ్మనండి, ఇప్పుడెలా పలుకుతోందో వాయించమనండి, మధ్యలో ఏం చేశావని అడగండి. నాన్న చేసిపెట్టిన గిటార్ ఆ ప్రశ్న దగ్గర నిలవదు.

రెండోది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో వడ్రంగంలాంటి చేతివృత్తులను స్థానిక పనివారి దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద చాలా బడుల్లో టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, పనిముట్లూ వచ్చాయి. సిగార్ పెట్టె దొరకాల్సిన పని లేదు. పల్చటి ప్లైవుడ్ పెట్టె ఏదైనా చాలు, మెడకు వడ్రంగి దుకాణంలో మిగిలిన టేకుముక్క చాలు. ఊళ్లోని వడ్రంగికి పది రోజుల కూలి గౌరవంగా ఇచ్చి పిలిపించండి. అయిదు రోజులు తయారీకి, అయిదు రోజులు దిద్దుబాటుకు కేటాయించండి. అయిదో రోజు సాయంత్రమే ప్రదర్శన పెట్టి, ఫొటోలు తీసి, పని అయిపోయిందనిపించవద్దు. మార్కులు ఇవ్వాల్సి వస్తే నోటుపుస్తకంలోని ఆ నాలుగు గడులకు ఇవ్వండి.

తల్లిదండ్రులుగా మనం చేయాల్సింది ఇంతకంటే సులువు, ఇంతకంటే కష్టం కూడా. పిల్ల పలకని గిటార్ తెచ్చి ముందు పెట్టినప్పుడు “ఎక్కడ తప్పు పలుకుతోందో వినిపించు” అనండి. కారణం మీకు తెలిసిపోయినా పైకి చెప్పకండి. ఆకురాయి, స్కేలు, పెన్సిలు చేతికి అందేలా పెట్టి పక్కన కూర్చోండి. దిద్దడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టినా పట్టనివ్వండి. ఆ మధ్యాహ్నం తర్వాత సైకిల్ గొలుసు ఊడినా, ఇంట్లో ఫ్యాను చప్పుడు చేసినా ఆ పిల్ల ముందు అడిగేది ‘కొత్తది ఎప్పుడు కొంటారు’ అని కాదు, ‘చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోంది’ అని. పిల్లలకు మనం ఇవ్వగలిగిన చదువుల్లో ఇంత చవకైనది, ఇంతకాలం నిలిచేది నాకు మరొకటి తెలియదు.